మధ్య పెట్టె

మా ఇంటి అతుకుని ఎవరో విప్పి చూశారని నాకు తెలిసింది వానలు మొదలైన వారంలోనే. బూజు పట్టకుండా గోడలు తుడుస్తున్నాను. మా గదికీ అత్తయ్య గదికీ మధ్య, నేల నుంచి పైకప్పు దాకా బూడిదరంగు రబ్బరు పట్టీ ఒకటి ఉంటుంది. ఐదేళ్ళుగా అది స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా ఉండేది. ఆ రోజు చూస్తే మోకాలి ఎత్తు దగ్గర వంకర తిరిగి ఉంది. వేలితో లాగితే సులువుగా లేచొచ్చింది. లోపల బోల్టుల మీద ఉండాల్సిన గుండ్రటి మూతలు లేవు.

గుడ్డ అక్కడే పడేసి, గొడుగేసుకుని బయటికి వెళ్ళాను. ఇంటి వెనక, రెండు పెట్టెలు కలిసే మూల దగ్గర, అరచేతంత నీలం చుక్క ఉంది. దాని పైన ఇంకొకటి. అవతల అతుకు దగ్గరికి వెళ్ళి చూశాను. అక్కడా ఉన్నాయి.

ఆ చుక్కలంటే ఏమిటో మా కొండ మీద అందరికీ తెలుసు. మా ఇళ్ళన్నీ ఫ్యాక్టరీలో మర చేతులు తయారుచేసిన పెట్టెలు. ఒక్కో గదీ కిటికీలతో, దీపాలతో, గోడకాగితంతో సహా లారీ మీద వస్తుంది. క్రేన్ ఒకదాని పక్కన ఒకటి దించి అతికిస్తుంది. ఆ క్రేన్‌లో మనిషి ఉండడు. ఎక్కడ పట్టుకుని ఎత్తాలో ఆ నీలం చుక్కల్ని చూసే తెలుసుకుంటుంది. పోయినేడాది ఎదురింటి ఒనుకి-సాన్ భార్యాభర్తలు విడిపోయినప్పుడు కూడా ముందు నీలం చుక్కలే వచ్చాయి. తర్వాతి వారం ఆయన తన పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ ఇప్పటికీ మిగిలిన సగం ఇంట్లోనే ఉంటోంది.

మా ఇంటికి ఐదు పెట్టెలు. పడమర వైపు రెండు మావి, అంటే నావీ మా ఆయన నొబుతకవీ. తూర్పు వైపు రెండు మా ఆయన అక్క, అంటే మా వదిన మిసావోవీ, వాళ్ళాయన తకెహిసా అన్నయ్యవీ. మధ్యలో ఒకటి అత్తయ్యది. అత్తయ్య పేరు తొమియె. కొజుర రేవులో నలభై ఏళ్ళు క్షౌరశాల నడిపింది. ఆ పాత ఇల్లు భూకంపానికి ఆగదని పురపాలకం వాళ్ళు తేల్చేశాక, కొడుకూ కూతురూ కలిసి కొండ మీద ఈ ఇల్లు పెట్టించారు. స్థలం అత్తయ్యది, ఇల్లు అత్తయ్య పేరు మీదే. ఉదయం ఖాళీ నేల, సాయంత్రానికి కొత్త చాపల మీద కూర్చుని సోబా నూడుల్స్ తిన్నాం. "పిల్లలు పుడితే పెట్టె కలుపుకోండి, పెద్దవాళ్ళయి వెళ్ళిపోతే తీసేసుకోండి, ఇల్లు ఒంటికి తగ్గట్టుండాలి" అన్నాడు కంపెనీ మనిషి ఆ రోజు. ఆ మాటకి అందరం చప్పట్లు కొట్టాం కూడా.

ఇప్పుడు ఎవరో మాకు చెప్పకుండా తీసేసుకోబోతున్నారు.

సాయంత్రం మా ఆయన టీ ఫ్యాక్టరీ నుంచి రాగానే చెప్పాను. చెమట కూడా తుడుచుకోకుండా వెళ్ళి చూసొచ్చాడు.

"అక్కే" అన్నాడు. "బావకి హమమత్సులో కాగితం మిల్లు ఉద్యోగం వస్తోందని విన్నాను. రెండు పెట్టెలూ పట్టుకుపోతారు."

"మరి మన వైపు అతుకు మీద చుక్కలెందుకు?"

ఆయన కాసేపు ఆలోచించాడు. ఆలోచించినకొద్దీ మొహం నల్లబడింది.

"అమ్మ పెట్టె కూడా పట్టుకుపోతారు. అమ్మతో సహా."

నాకూ అదే తట్టింది. అత్తయ్య ఎటుంటే స్థలం అటుంటుంది. వదిన ఈ మధ్య అత్తయ్యకి పీచ్ పళ్ళు తెచ్చిపెట్టడం, వీపు తోముతానని స్నానాల గదిలోకి వెంటబడటం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

అత్తయ్యని అడిగాను. "పగలు మేం పనికి వెళ్ళినప్పుడు ఎవరైనా వచ్చారా అత్తయ్యా?"

అత్తయ్య కత్తెరలకి నూనె రాస్తోంది. వాడకపోయినా నెలకోసారి రాస్తుంది. "ఈ ఇంటికి ఎవరొస్తున్నారో ఎవరు పోతున్నారో నాకెవరు చెప్తారమ్మాయ్?" అంది తలెత్తకుండా.

ఆ మాట కూడా వదినని ఉద్దేశించే అన్నదనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం అందరం అత్తయ్య గదిలో కలిసి తినడం అలవాటు. మా రెండు వైపుల తలుపులూ ఆ గదిలోకే తెరుచుకుంటాయి. ఆ వారం అజి చేప కాల్చాను. వదిన సూపు చేసింది. అందరం గిన్నెలు ముందు పెట్టుకున్నామే గాని ఎవరూ ఎవరి మొహం చూడటం లేదు.

"బయట ఆ నీలం చుక్కలేమిటి కజుయో?" అంది వదిన ముల్లు తీస్తూ.

"నేనే మిమ్మల్ని అడుగుదామనుకుంటున్నాను వదినా."

"నన్నా? మొన్న వానలో గొడుగేసుకుని ఇంటి చుట్టూ ప్రదక్షిణాలు చేసింది నువ్వు. వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను."

"చుక్కలు చూడ్డానికి తిరిగాను, పెట్టడానికి కాదు."

"అంత చప్పున ఎలా కనిపించాయి నీకు? నేను ఐదేళ్ళలో ఒక్కసారి కూడా ఇంటి వెనక్కి వెళ్ళలేదు."

"గోడలు తుడిచేవాళ్ళకి కనిపిస్తాయి వదినా."

తకెహిసా అన్నయ్య దగ్గాడు. మా ఆయన చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు. "అక్కా, సూటిగా అడుగుతున్నాను. హమమత్సు వెళ్ళిపోతున్నారా?"

"ఎవడన్నాడు?"

"బావే. పోయిన నెల తాగినప్పుడు."

"తాగినప్పుడు హవాయి కూడా వెళ్తానన్నాను రా" అన్నాడు అన్నయ్య. "దానికి పెట్టెలు కట్టుకుంటామా?"

వదిన గొంతు సన్నబడింది. వదిన గొంతు సన్నబడితే మాట పదునెక్కుతుంది.

"మా సంగతి సరే. ఇద్దరు మనుషులు, రెండు పెట్టెలు. పిల్లా పీచూ లేదు. అయినా చాలడం లేదు కాబోలు. మధ్యది కూడా కలిపేసుకుంటే మూడవుతాయని ఎవరికి తోచిందో మరి."

"మీ అమ్మాయి కొయుకి నగోయాలో చదువుకుంటోంది కదా వదినా. దాని గది రెండేళ్ళుగా ఖాళీ. ఖాళీ గదులున్నవాళ్ళు మాకు లెక్కలు చెప్తున్నారు."

"అదిగో, మా గదుల మీద కన్ను."

"సూపు చల్లారిపోతోంది" అంది అత్తయ్య. అంతే అంది. తన గిన్నె ఖాళీ చేసి, ముల్లంగి ఊరగాయ మా వైపొక ముక్క, వాళ్ళ వైపొక ముక్క వేసింది. రెండూ ఒకే పరిమాణంలో ఉన్నాయా లేదా అని నేను చూశాను. వదిన కూడా చూసింది.

మర్నాడు కంపెనీకి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. పెట్టె తీసే పని ఉన్న మాట నిజమేనండి, శుక్రవారం ఉదయమండి. ఏ పెట్టె, ఎవరు చెప్పారు అనేది ఇంటి యజమానికి తప్ప చెప్పలేమండి, క్షమించండి. నేను పెట్టేసిన ఐదు నిమిషాలకి అవతలి పెట్టెలో వదిన గొంతు వినిపించింది. "ఏ పెట్టె అని అడుగుతున్నాను, అది చెప్పడానికేం?" అని అరుస్తోంది.

ఇక్కడ నేను ఆగి ఆలోచించాల్సింది. తీయమన్న మనిషే అయితే ఏ పెట్టె అని అరవదు కదా. కాని ఆ క్షణంలో నాకు తట్టింది వేరు. నేను వింటున్నానని తెలిసే అరుస్తోంది, నాటకం అనుకున్నాను. మా ఆయనతో చెబితే ఆయన కూడా అదే అన్నాడు.

ఆ వారమంతా ఇల్లు ఇల్లులా లేదు. మా ఆయన అతుకు మీద అడ్డంగా టేపు అంటించాడు, ఎవరైనా ముట్టుకుంటే తెలుస్తుందని. మర్నాడు సాయంత్రానికి టేపు లేదు. వదిన తన తలుపుకి చిన్న గంట కట్టింది. తెరిచినప్పుడల్లా అది మోగుతుంది, దాంతో వాళ్ళే బయటికి వెళ్ళలేక ఇబ్బంది పడ్డారు. అన్నయ్య పేపరు పట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేవాడు, పేజీ మాత్రం తిప్పేవాడు కాదు. అత్తయ్యకి నేను ఉడికించిన గుమ్మడికాయ తీసుకెళ్తే, అప్పటికే అక్కడ వదిన పెట్టిన గుమ్మడికాయ ఉండేది. అత్తయ్య రెండూ తినేది. ఎవరిది బాగుందో చెప్పేది కాదు.

వదినతో నేను ఒక్క మాటే మాట్లాడాను. చెత్త సంచులు పడేసే దగ్గర ఎదురుపడింది.

"అత్తయ్యకి మతిమరుపేమీ లేదు" అన్నాను. "ఆవిడ చేత ఎవరైనా సంతకం బదులు పేరు ముద్ర వేయించుకుని ఉంటే ఆవిడే చెప్తుంది."

"అదే నేను నీకు చెబుదామనుకున్నాను" అంది వదిన. "నువ్వు ముందు అన్నావు కాబట్టి ఇంకా అనుమానం."

శుక్రవారం నలుగురం సెలవు పెట్టాం. ఒకరికొకరు చెప్పుకోలేదు. ఉదయం ఎనిమిదికి వాకిట్లోకి వచ్చి చూసుకుంటే నలుగురం ఉన్నాం, అంతే. వాన వెలిసింది. కింద సురుగా అఖాతం సీసంలా మెరుస్తోంది. మాండరిన్ తోటల మధ్య రోడ్డు మీద ముందు క్రేన్, దాని వెనక చాలా చక్రాల బండి ఒకటి మెల్లగా ఎక్కి వచ్చాయి. రెంటిలోనూ మనుషుల్లేరు. వెనక చిన్న కారులోంచి హెల్మెట్ పెట్టుకున్న అమ్మాయి ఒకతి దిగి నడుము వంచి నమస్కరించింది. పేరు ఇవాకి అని చెప్పింది.

మా ఆయన ఆ అమ్మాయికి అడ్డంగా నిలబడ్డాడు. "ఎవరూ దేన్నీ ముట్టుకోవడానికి వీల్లేదు. ముందు ఎవరు పిలిచారో చెప్పండి."

"మమ్మల్ని పిలిచినవాళ్ళు..." ఇవాకి మా మొహాలు చూసి ఇబ్బంది పడింది. "ఒగుషి తొమియె-సాన్ ఉన్నారాండీ?"

"ఉన్నాను, ఉన్నాను" అంటూ అత్తయ్య బయటికొచ్చింది. మంచి బట్టలు కట్టుకుంది. భుజానికి సంచి, చేతిలో కత్తెరల తోలుపెట్టె. "మీకు శ్రమ ఇస్తున్నానమ్మా. లోపల సామానంతా కట్టేశాను. అద్దం ఒక్కటి జాగ్రత్త."

వదిన నోరు తెరిచింది. మూయడం మరిచిపోయింది.

"అమ్మా, ఎక్కడికి?" అన్నాడు మా ఆయన.

"రేవుకి. పాత స్నేహితురాలు ఉమెనో తన వలల షెడ్డు పక్కన స్థలం ఇచ్చింది."

"ఎందుకు?"

"జుట్టు కత్తిరించడానికి. నాకింకేం వచ్చు?"

"డెబ్బై నాలుగేళ్ళకా!"

"జుట్టు పెరుగుతూనే ఉంది కదరా అందరికీ."

ఇవాకి మెల్లగా కారు వెనక్కి నడిచింది. అన్నయ్య ఆకాశం వైపు చూస్తున్నాడు. వదిన ఏడుపు గొంతుతో, "అడిగితే మేం తీసుకెళ్ళమా? ఒక్క మాట చెప్పలేకపోయావా?" అంది.

"చెబితే నువ్వు వద్దంటావు. నువ్వెందుకు వద్దంటున్నావా అని వీడు అనుమానపడతాడు. వీడు సరేనంటాడు. ఎందుకు సరేనన్నాడా అని నువ్వు అనుమానపడతావు. ఈ లోపల నేను పోతాను." అత్తయ్య సంచి కింద పెట్టింది. "మధ్య గదిలో ఉన్నదాన్ని కదా. ఈ గోడలు మంచివే, చలి రానీయవు. మాటల్ని మాత్రం ఆపవు. ఇటు మీరు వాళ్ళ గురించి, అటు వాళ్ళు మీ గురించి. అమ్మ వాళ్ళకే పెద్ద ముక్క పెట్టింది, అమ్మని వాళ్ళు బుట్టలో వేసుకుంటున్నారు. ఐదేళ్ళు విన్నాను. మాటలన్నీ ఒకటే, పేర్లే తారుమారు. మొన్న ఆదివారం ముల్లంగి ముక్కల్ని కూడా మీరు కళ్ళతో తూచారు. చూశాను."

నా తల వంగిపోయింది. పక్కన వదిన తల కూడా వంగే ఉంది.

"ఆ టేపు..." అన్నాడు మా ఆయన. ఇంకేం అనాలో తెలియక అన్నాడనుకుంటాను.

"నేనే పీకేశాను. అసహ్యంగా ఉంది."

క్రేన్ పని మొదలుపెట్టింది. అరుపుల్లేవు, కేకల్లేవు. బోల్టులు విప్పే చిన్న మర ఒకటి గోడ వెంట పాక్కుంటూ వెళ్ళింది. టీ తాగేంత సేపట్లో అత్తయ్య గది ఇంటి మధ్యలోంచి పైకి లేచింది, కేకులోంచి ముక్క తీసినట్టు. మిగిలిన రెండు సగాల మధ్యా సముద్రం కనిపించింది. అవతల వదిన వాళ్ళ తలుపు, ఇవతల మా తలుపు, రెండూ గాలిలోకి తెరుచుకుని ఉన్నాయి.

"ఈ ఖాళీ ఇలాగే ఉంచుతారా?" అని అడిగాను.

"లేదండి" అంది ఇవాకి. "తూర్పు వైపు పెట్టెల్ని జరిపి కలిపేయమన్నారు తొమియె-సాన్."

వదినా నేనూ ఒకేసారి అత్తయ్య వైపు తిరిగాం. ఆవిడ అప్పటికే ఇవాకి కారులో ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటోంది.

తూర్పు సగం పట్టాల మీద బండిలా మెల్లగా జరిగి వచ్చి మా గోడకి ఆనింది. అతుకు మీద కొత్త రబ్బరు పట్టీ పడింది. వాళ్ళ తలుపూ మా తలుపూ ఎదురెదురుగా, మధ్య ఒక చెప్పుల జత పట్టేంత చోటు.

"గడియ ఎటు వైపుంటుంది?" అని వదిన అడిగింది.

"రెండు వైపులా ఉంటుందండి."

"అమ్మయ్య" అంది వదిన. నేనూ మనసులో అదే అనుకున్నాను.

వానల తర్వాత వచ్చే వేసవంతా ఆ రెండు గడియలూ వేసే ఉన్నాయి. ఆదివారం భోజనాలు ఆగిపోయాయి. అయితే అనుమానాలు ఆగాయనుకోకండి, వాటికి కొత్త దారి దొరికింది అంతే. రేవులో అత్తయ్య దుకాణానికి ఎవరు ఎక్కువసార్లు వెళ్తున్నారనేది ఇప్పుడు గొడవ. బయట క్షౌరశాల గుర్తుగా ఎర్ర, నీలం, తెలుపు చారలతో గుండ్రంగా తిరిగే స్తంభం ఒకటి పెట్టింది అత్తయ్య. లోపల ఒక్క కుర్చీ, ఒక్క అద్దం. రొయ్యల పడవల వాళ్ళు వరసలో కూర్చుని ఉంటారు. నేను జుట్టు కత్తిరించుకునే వంకతో వెళ్తే కుర్చీలో తకెహిసా అన్నయ్య. ఆయనకి పట్టుమని పది వెంట్రుకలు లేవు.

"మీరేమిటి ఇక్కడ?" అన్నాను.

"నువ్వేమిటో నేనూ అదే" అన్నాడు అద్దంలోంచి.

"కుర్చీలో ఉండగా ఇంటి మాటలు మాట్లాడకూడదు" అంది అత్తయ్య, కత్తెర ఆడిస్తూనే. "బయట బోర్డు మీద రాశాను."

నిజంగానే రాసింది. చేప ధరలు, బేస్‌బాల్, వాతావరణం మాట్లాడవచ్చట.

నవంబరులో ఒక మధ్యాహ్నం. మాండరిన్లు కోతకొచ్చాయి. నేను బడి వంటశాలలో పని ముగించుకుని ఇంటికొచ్చి బియ్యం కడుగుతున్నాను. నేల కింద నుంచి ఏదో గుద్దినట్టయింది. తర్వాత ఇల్లంతా ఊగింది. గిన్నెలు అలమరలో చప్పుడు చేశాయి. పెద్దదేమీ కాదు, బల్ల కిందికి దూరి లెక్కపెట్టుకునేలోపలే ఆగింది. అప్పుడు కొండ మీది మైకులు మొదలుపెట్టాయి. సముద్రపు అల రావచ్చు, ఒడ్డు నుంచి వెంటనే ఎత్తుకి వెళ్ళండి, ఒడ్డు నుంచి వెంటనే ఎత్తుకి వెళ్ళండి.

నేను గడియ తీసి తలుపు లాగాను. వదిన తలుపు అదే క్షణంలో తెరుచుకుంది. ముక్కులు తగిలేంత దగ్గరగా నిలబడ్డాం. ఆవిడ చేతిలో ఫోను.

"అమ్మ ఎత్తడం లేదు" అంది. "మా కారు ఆయన తీసుకెళ్ళాడు."

"నాది ఉంది."

వదిన ఇంటి చెప్పులతోనే కారెక్కింది. కొండ దిగుతున్నంత సేపూ ఫోన్ చేస్తూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. రొయ్యలు ఆరబెట్టే వాళ్ళు ఎదురుగా పైకి వస్తున్నారు, మేం ఒక్కళ్ళమే కిందికి.

"నీవల్లే" అంది వదిన. "నువ్వు ఆ రోజు చుక్కల సంగతి తీసి..."

"నేనా? ముందడిగింది మీరు."

"సరే, నేనే." తర్వాత గొంతు మారింది. "కజుయో, ఆ పెట్టెని వెనక్కి తెచ్చేద్దాం. అమ్మకి చెప్పకుండా. చెబితే ఒప్పుకోదు."

"కంపెనీ వాళ్ళు యజమాని చెప్పందే కదలరు."

"ముద్ర ఎక్కడ పెడుతుందో నాకు తెలుసు."

ఆశ్చర్యంగా వదిన వైపు చూశాను. "కుర్చీ కింద డబ్బాలో. నాకూ తెలుసు" అన్నాను.

ఆ క్షణంలో మేమిద్దరం దొంగతనానికి పథకం వేస్తున్నామని కూడా తట్టలేదు. ఆదివారం అన్నయ్య ఆవిడని పడవ వాళ్ళ విందుకి తీసుకెళ్ళాలి, వదిన డబ్బా తెరవాలి, నేను గుమ్మంలో కాపలా ఉండాలి. అంతా కుదిరిపోయింది. ఐదేళ్ళలో మేం అంతసేపు గొడవ పడకుండా మాట్లాడుకున్నది అదే మొదటిసారి.

రైలు గేటు దగ్గర పోలీసు చేతులు చాచి ఆపాడు. కిందికి వెళ్ళడానికి వీల్లేదు, రేవు వాళ్ళందరూ హైస్కూలు మైదానంలో ఉన్నారు, అటు వెళ్ళండి అన్నాడు. కారు పక్కన పెట్టి ఇద్దరం మెట్లెక్కాం. వదిన చెప్పు ఒకటి జారిపోతే నేను తీసిచ్చాను. పైకి చేరేసరికి ఆయాసంతో మాట రాలేదు.

మైదానం నిండా జనం. బాస్కెట్‌బాల్ స్తంభం పక్కన అత్తయ్య నిలబడి ఉంది. ఆవిడ ముందు మడత స్టూలు మీద పడవ మనిషి ఒకడు, మెడ చుట్టూ తెల్లగుడ్డ. తలలో కుడి సగం కత్తిరించి ఉంది, ఎడమ సగం అలాగే ఉంది. అత్తయ్య ఫోను దుకాణంలో ఉండిపోయిందట. కత్తెరలు మాత్రం తెచ్చుకుంది.

"ఇలా సగంతో పంపిస్తే ఇంటికెలా వెళ్తాడు?" అంటోంది పక్కనున్న ఉమెనో-సాన్‌తో.

వదిన పరుగెత్తి వెళ్ళి ఆవిడని గట్టిగా పట్టుకుంది. నేను వెనక నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. అత్తయ్య కాసేపు అలా పట్టుకోనిచ్చి, తర్వాత వదిన భుజం మీదుగా నన్ను చూసింది. మళ్ళీ వదినని చూసింది. ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి.

"ఇద్దరూ ఒకే కార్లో వచ్చారా?"

"ఆ" అంది వదిన.

"గొడవ పడకుండా?"

"ఆ" అన్నాను నేను.

"కార్లో ఏం మాట్లాడుకున్నారు?"

"ఏమీ లేదు" అన్నాం ఇద్దరం ఒకేసారి.

అత్తయ్య కత్తెర పైకెత్తి మా ఇద్దరి వైపూ చూపించింది. "ఒకే మాట, ఒకే గొంతు. అయితే నా పెట్టె గురించే. ముద్ర ఎక్కడుందో ఇద్దరికీ తెలుసని నాకు తెలుసు. ఇవాళే చోటు మారుస్తాను." స్టూలు మీది మనిషి పకపకా నవ్వాడు. "నువ్వు కదలకు, చెవి తెగుతుంది" అంది వాడితో.

అల వచ్చింది. జానెడు కూడా లేదట, రేవు మెట్టు ఒకటి తడిసింది. సాయంత్రానికి అందరినీ ఇళ్ళకి వెళ్ళమన్నారు.

అయినా మేం ఊరుకోలేదు. ఈసారి దొంగచాటుగా కాదు. నలుగురం కలిసి వెళ్ళి, వరస పెట్టి కూర్చుని, మా వంతు వచ్చినప్పుడు ఒకరి తర్వాత ఒకరం కుర్చీలోకెక్కి అడిగాం. బోర్డు మీద రాసింది అత్తయ్యే కాబట్టి మా మాటకి జవాబివ్వలేదు, జుట్టు మాత్రం కత్తిరించింది. నలుగురికీ అయ్యాక, "కొండ మీదికి రాను. హైస్కూలు మెట్ల పక్కన ఎత్తు మీద ఖాళీ జాగా ఉంది. అక్కడికైతే వెళ్తాను" అంది. కొత్త సంవత్సరానికి చేసే మోచీ బియ్యపు ముద్దలు అయిపోయాక క్రేన్ వచ్చి పెట్టెని రేవులోంచి ఎత్తి మెట్ల పైన దించింది. అంత ఎత్తు ఎక్కాలా అని పడవల వాళ్ళు సణిగారు. సణుగుతూనే వస్తున్నారు.

మా మధ్య తలుపుకి ఇప్పుడు పగలు గడియ వేయడం లేదు. వదిన తట్టకుండా వస్తుంది. వచ్చి ముందు నా ఫ్రిజ్ తెరిచి చూస్తుంది. నేను వెళ్ళినప్పుడు వాళ్ళ ఫ్రిజ్ చూస్తాను. మాటలు గోడలోంచి వినిపిస్తాయని తెలిశాక మా ఆయన వాళ్ళ గురించి ఏదైనా అనాలంటే నా చెవిలో అంటాడు. అవతల కూడా గుసగుసలే, ఏమంటున్నారో తెలియడం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

మొన్న ఉదయం వదిన తలుపు తోసుకుని వచ్చింది, మొహం వెలిగిపోతోంది.

"కొయుకికి పెళ్ళి కుదిరింది. ఇద్దరూ ఇక్కడే ఉంటారట. అబ్బాయికి షిజువొకలో ఉద్యోగం. ఇంకో పెట్టె కలపాలి."

"సంతోషం వదినా" అన్నాను. నిజంగానే సంతోషమేసింది.

"పెట్టెలు జరిపాక ఖాళీ అయిన మా తూర్పు జాగా మరీ కొండవాలు అంచున ఉంది కదా, ఇప్పుడక్కడ కొత్తది పెట్టడం కుదరదంటున్నారు." వదిన నా ఫ్రిజ్ తలుపు మూసి, మా పడమటి గోడ వైపు చూసింది. "మీ వైపే కలపాలేమో."

మా ఆయన పేపరు దించి నా వంక చూశాడు.

"కొలతలవాళ్ళు వచ్చినప్పుడు మేం కూడా ఉంటాం" అన్నాను.